పది సీసాల అల్లం బీరుతో చింతామణికి

బాగేపల్లి నుంచి చింతామణికి ఎవరైనా సంతకు పోతారు, పెళ్ళికి పోతారు, కోర్టు పనికి పోతారు. నేను, యోహానప్ప మాత్రం పది సీసాల అల్లం బీరు మోసుకుని పెద్దల ముందు తీర్పు వినడానికి బయలుదేరాం. ఆ ప్రయాణానికి కారణం నేనే. అప్పటికి నయాపైసలు కొత్తగా వచ్చాయి. కండక్టరు అణాల్లో అడిగేవాడు, మేము పైసల్లో వెతుక్కునేవాళ్ళం.

మా సంఘంలో మద్యం ముట్టనని ప్రమాణం చేయనివారికి ప్రభు బల్లలో, అంటే అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, చోటు లేదు. అయినా ప్రతి ఇంట్లోనూ ఒక జాడీలో అల్లం బీరు పులుస్తూనే ఉంటుంది. పేరులో బీరు ఉందని బయటివాళ్ళు నవ్వుతారు గాని, అది పిల్లల దగ్గరి నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ తాగేదే. పెరుగుకు తోడు ఉన్నట్టే దీనికీ ఒక తోడు ఉంటుంది. దానికి రోజూ చెంచాడు అల్లం ముద్ద, చెంచాడు బెల్లం పొడి మేతగా వేయాలి. వారం తరువాత ఆ నీళ్ళు వడగట్టి, బెల్లం పాకం, నిమ్మరసం కలిపి సీసాల్లో పోసి బిరడాలు బిగిస్తాం. సీసాలు పాత సామాన్ల అంగడిలో కొన్న బ్రాందీ సీసాలే. వాటి మీది కాగితాలు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, ఆ తరువాత ప్రార్థన చేసి వాడతాం.

యోహానప్పకు డెబ్బై ఏళ్ళు. వయసులో ఈత చెట్లెక్కి కల్లు గీసేవాడు. విశ్వాసంలోకి వచ్చిన రోజున గీత కత్తి పారేసి, నలభై ఏళ్ళుగా మా గుడి గంట కొడుతున్నాడు. క్రిస్మసు విందులో ఆయన తన సంచిలోంచి తీసి ఇచ్చిన సీసాను నేను ముక్కాలు భాగం తాగాను. తరువాత పాట అందుకున్నాను. మూడు చరణాల పాటకు అయిదు చరణాలు పాడానని, చివరి రెండూ అప్పటికప్పుడు కల్పించానని మా ఆవిడ చెప్పింది. తెల్లవారి తల బరువెక్కి లేచాను. యోహానప్ప పాత విద్య మరిచిపోలేదని, ఆ సీసాలో ఉన్నది కల్లేనని చింతామణిలోని మా సంఘ పెద్దలకు ఉత్తరం రాశాను. నేను బడి మేష్ట్రును, ఆదివారాలు వాక్యం చెప్పేవాణ్ణి. రాయడం నా ధర్మం అనుకున్నాను.

పెద్దల నుంచి జవాబు వచ్చింది. కోతల పండుగకు ఇద్దరూ రండి, ఇద్దరి సీసాలూ తెండి, రుచి చూసి తేలుస్తాం అని. ఆయనది మద్యమని తేలితే ఏడాది పాటు ప్రభు బల్లకు దూరం. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే యోహానప్ప ఒక్క మాట అన్నాడు. "ఏడాదంటే మీకు పన్నెండు నెలలు మేష్ట్రూ. నాకు ఎంతో, అది దేవునికే తెలుసు."

సోమవారం పొద్దున ఆరున్నర బస్సు. నేను ఆరు సీసాలు వరిగడ్డిలో సర్ది గంపలో పెట్టాను. ఒక్కొక్క బిరడా మీదుగా పురికొస అడ్డంగా నిలువుగా కట్టి ముడి వేశాను. యోహానప్ప నాలుగు సీసాలు తడి గోనెసంచిలో చుట్టుకుని వచ్చాడు. బిరడాలకు కట్టు లేదు, చేత్తో అదిమినవే. ఇంత అజాగ్రత్తా అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. ఇద్దరికీ టికెట్లు తీశాను. నా పక్కన చిక్కబళ్ళాపురం పోయే బట్టల శెట్టిగారు కూర్చున్నారు. ఆయన పంచె తెలుపు చూస్తే కళ్ళు మూసుకోవాలనిపించింది.

పేరేసంద్రలో గుడిబండె వాళ్ళు దిగిపోయారు, బస్సు తేలికై వేగం అందుకుంది. ఒక గుంతలో చక్రం పడి లేచింది. ఢామ్మని మోత. డ్రైవరు బ్రేకు వేసి, "టైరు పోయె!" అని కిందికి దూకాడు. కండక్టరూ దూకాడు. వాళ్ళిద్దరూ నాలుగు టైర్లనూ తన్ని చూస్తుండగా రెండో మోత వినిపించింది. ఈసారి బిరడా పైకప్పుకు తగిలి శెట్టిగారి ఒళ్ళో పడింది. వెనకాలే నురగ కూడా.

"టైరు కాదప్పో!" అని శెట్టిగారు కేక పెట్టారు. "మేష్ట్రు గంపలో యుద్ధం జరుగుతాండాది!"

గంప తెరిచాను. రెండు సీసాల మెడలు లేవు. మరో రెండింటి బిరడాలు పురికొసను తన్నుకుంటూ పైకి లేస్తున్నాయి. యోహానప్ప వంగి చూసి నెమ్మదిగా అడిగాడు. "నిన్న మూతలు వదల్లేదా మేష్ట్రూ?"

"నిన్న ఆదివారం గదప్పా. విశ్రాంతి దినం. పని చేయకూడదు."

"మరి అల్లానికి తెలుసునా ఆదివారమని?"

అల్లం బీరు సీసాను రోజుకొకసారి మూత కొంచెం లేపి గాలి వదలాలి. ఇది మా ఇళ్ళలో చిన్నపిల్లలకూ తెలుసు. నేను వారంలో ఆరు రోజులు వదిలేవాణ్ణి. ఏడో రోజు వదలడం పని కిందికి వస్తుందని మానేసేవాణ్ణి. అంతేకాదు, ఆదివారం ముట్టకూడదు గనుక శనివారం సాయంత్రమే బెల్లం ఇంకో గుప్పెడు ఎక్కువ వేసి, గట్టిగా కట్టి పెట్టేవాణ్ణి.

"నేను ఆదివారం తెల్లారి గంట కొట్టేముందే మూత లేపుతా," అన్నాడు యోహానప్ప. "దూడ మెడకు తాడు బిగుసుకుంటే సోమవారం దాకా ఆగమని చెప్తామా?"

నేను గంపలోని గాజు పెంకులు ఏరాను. పొంగుతున్న ఆ రెండు సీసాలనూ ఏదో ఒకటి చేయాలి. డ్రైవరు "నా బండిలో బాంబులు వద్దప్పా, తాగేయండి," అన్నాడు. పురికొస కోయగానే నురగ పొంగింది. మా గ్లాసుకు నోరు తగిలించేవాళ్ళు బస్సులో ఎవరూ లేరని నాకు తెలుసు, అందుకని ఎత్తి అందరి దోసిళ్ళలో పోశాను. శెట్టిగారు మొదట ముఖం తిప్పుకున్నారు. పక్కవాళ్ళ ముఖాలు వెలగడం చూసి ఆయనా దోసిలి పట్టారు.

"అబ్బా! గొంతులో ఎర్రచీమలు బారు తీరి పోతాండాయి," అన్నారు.

"నాకు చెవుల్లో నుంచి వస్తాండాది," అన్నది వెనక సీటులో ఒక అవ్వ. "ఇంకొంచెం పోయి నాయినా."

డ్రైవరు ఒక్క దోసెడు తాగి పెదవులు చప్పరించి, నా వైపు అదో రకంగా చూశాడు. "ఇది మీ దేవుడు ఒప్పుకునేదేనా మేష్ట్రూ? ఇంకో దోసెడు తాగితే బస్సు కోలారుకు పోతాది."

అడుగున మిగిలింది నేను తాగాను. చిక్కబళ్ళాపురం చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. నంది కొండ ఆ రోజు నాకు మామూలుకన్నా దగ్గరగా, స్నేహంగా కనిపించింది. శెట్టిగారు మరకల పంచెతో దిగుతూ నన్ను కౌగిలించుకున్నారు. ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

స్టేషను దగ్గరే సలోమమ్మ ఇల్లు. ఆమె భర్త పోయిన తరువాత ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే మనిషి. కోతల పండుగకు మాతో కలిసి వస్తానని ముందే కబురు పంపింది. రవ్వ ఉప్పిట్టు, కాఫీ పెట్టింది. తన అల్లం బీరు కూడా పోసింది. అందులో లవంగం, నిమ్మతొక్క వేస్తుంది.

"ఎట్లుండాదప్పా?"

"లవంగం ముందు పలకరిస్తాది, అల్లం వెనక నుంచి తడుతాది," అన్నాడు యోహానప్ప.

"లవంగం వేస్తే పంటినొప్పికి వేరే మందు కొనే పని ల్యా. ఇప్పుడు మీవి తెండి, నేను చూడాల."

నాది ఒక సీసా, ఆయనది ఒక సీసా తెరిచాం. ఆయనది లేత బంగారు రంగు, నురగ సన్నగా వచ్చి అణిగిపోయింది. ఆమె ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. "ఇది వానకు తడిసిన మట్టి మీద నడిచినట్టుండాది. తీపి ఉండాదా అంటే ఉండాది, వెతుక్కోవాల." నాది ఒక గుక్క తాగి దగ్గింది. రెండో గుక్క తాగింది. మూడోది తాగి కొంగుతో ముఖం విసురుకుంది. "మేష్ట్రూ, మీరు కల్లని రాసింది ఎవరి దాని గురించి?"

పదీ నలభైకి చిన్న రైలు. చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట మీదుగా చింతామణి పోయే ఈ రైలు ఎక్కనివారు తప్పక ఎక్కాలి. పట్టాలు జానెడు దూరంలో ఉన్నట్టుంటాయి. మలుపులో ఇంజను మనకే ఎదురొస్తున్నట్టు కనిపిస్తుంది. మూడో తరగతి పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ గంపలతో ఒక గుంపు ఎక్కింది, పెట్టెంతా పట్టుపురుగుల వాసన. దిగి మల్బరీ ఆకు కోసుకుని మళ్ళీ ఎక్కవచ్చునని వాళ్ళలో ఒకాయన అంటే, నిజంగానే దిగి చూద్దామని నేను లేచాను. సలోమమ్మ నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"క్రిస్మసునాడు మీరు తాగిన సీసా బిరడా ఎట్ల తీసిరి?" అని అడిగింది.

"చాకుతో. పురికొస కోసి."

అన్నాక నా మాట నాకే వినిపించింది. యోహానప్ప సీసాలు నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఒక్కదానికీ కట్టు లేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"యోహానప్పా, ఆ సీసా ఎవరిది?"

"మీ ఇంటామె గంప నిండిపోయిందని రెండు సీసాలు నా సంచిలో పెట్టె. పంచేటప్పుడు అదే చేతికొచ్చె," అన్నాడు ఆయన, తప్పు తానే చేసినట్టు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమప్పా!"

"మీరు పెద్దలకు రాసినాక నేను చెప్తే, ముసలోడు తప్పించుకునేదానికి చెప్తాండాడంటారు. నాలుక చెప్తే అందరూ నమ్ముతారని ఊరకుంటి." నా వైపు తిరిగి, "ఆ పొద్దు మీరు బాగా పాడితిరి కూడా," అన్నాడు.

సలోమమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. పెద్దల నాలుక పొరపాటు పడితే? సీసాలు మళ్ళీ తారుమారైతే? భయం లేదా అని ఆయన్ను అడిగాను.

"ఉండాది," అన్నాడు. "నేను కల్లు గీసే కాలంలో ఊరంతా నా కల్లు తాగేది. నాకు నీళ్ళు కావాలంటే మాత్రం దోసిట్లో పోసేవాళ్ళు, పైనుంచి. ఈ పొద్దు మీరు బస్సులో పోసినట్టే. మొదటిసారి ప్రభు బల్ల దగ్గర కూచుంటే, ముందు మనిషి తాగిన గిన్నె అట్లనే నా చేతికిచ్చిరి. నా తరువాత మనిషి తుడవకుండా తాగె. నలభై ఏండ్లాయె. ఇప్పటికీ ఆ గిన్నె వస్తే రెండు చేతుల్తో పట్టుకుంటా. అది లేకుండా ఏడాది అంటే..."

రైలు కూత వేసింది. చింతామణి చేరేసరికి ఒకటిన్నర.

బస గుడి పక్క బడిలో. చాపలు వేసి ఉంచారు. రాగిముద్ద, అవరేకాయ అనే అనపగింజల పులుసుతో భోజనం. నాలుగు గంటలకు పాస్టరయ్యగారు, ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. ఎదురుగా చాపల మీద సంఘమంతా కూర్చుంది. నా దగ్గర మిగిలింది ఒక్క సీసా. యోహానప్ప మూడు తెచ్చి వరసగా పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్టరయ్యగారు నా ఉత్తరం నాకే ఇచ్చి గట్టిగా చదవమన్నారు.

చదివాను. చేతిరాత చక్కగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. అంతా చదివి, "అయ్యా, ఈ ఉత్తరంలో ప్రతి మాటా నిజం. పేరు ఒక్కటే తప్పు. యోహానప్ప అని ఉన్నచోట నా పేరు రాసుకోండి," అన్నాను. పురికొస సంగతి, ఆదివారం సంగతి, బస్సు సంగతి వరసగా చెప్పాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అది చాపల మీదుగా పాకి ముందు వరసకు వచ్చింది.

పెద్దల్లో వయసు మళ్ళిన ఒకాయన మాత్రం నవ్వలేదు. "కథలు వద్దు, గ్లాసులు తెండి," అన్నాడు. మొదట యోహానప్ప సీసా తెరిచారు. బిరడా చేతికే వచ్చింది. నలుగురూ తాగి తలలూపారు. పెద్దాయన ఇంకో అరగ్లాసు అడిగి పోయించుకున్నాడు. యోహానప్ప కళ్ళు ఆ గ్లాసు మీదే ఉన్నాయి.

"ఇది తాగి ఎవరైనా తూలితే, వాడు నీళ్ళు తాగినా తూలుతాడు," అన్నాడు పెద్దాయన.

తరువాత నాది. పురికొస కోయగానే బిరడా లేచి గోడకున్న గడియారానికి తగిలింది. గడియారం ఆగిపోయింది. పెద్దాయన ఒక గుక్క మింగి, కాసేపు కళ్ళు తెరవలేదు. "ఇది పానీయం కాదప్పా," అన్నాడు చివరికి, "పిడుగు. బెల్లంలో ముంచిన పిడుగు." చాపల మీద అందరూ ఒక్కసారిగా నవ్వారు. పాస్టరయ్యగారు నవ్వు దాచుకోవడానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు.

తీర్పు వెంటనే చెప్పారు. యోహానప్ప మీద ఏ మచ్చా లేదు. నేను తెలియక చేసినా, తెలుసుకోకుండా ఒకరి మీద రాశాను గనుక మరునాటి ప్రభు బల్లకు దూరంగా ఉండాలి. యోహానప్ప చేతులు జోడించి, "అయ్యా, ఆదివారం మూత ముట్టనిది భక్తితోనే గదా," అని నా తరఫున మాట్లాడబోయాడు. పాస్టరయ్యగారు, "అందుకే ఒక్క బల్ల. లేకుంటే మూడు," అన్నారు. ఆ రోజు నుంచి అల్లం బీరు పోసే ప్రతి ఇంటివారూ ఆదివారం మొదటి గంటకు ముందే మూతలు లేపాలని, అది పని కాదు, దయ అని సంఘంలో ప్రకటించారు.

నిజం చెప్పాలంటే నాకు దుఃఖం రావలసిన సమయం. రాలేదు. వీపు మీది మూట ఎవరో దించినట్టు ఎగరాలనిపించింది. విందు మొదలయింది. కోతల పండుగలో ఒక అలవాటు ఉంది, చూడడానికే అంత దూరం పోవచ్చు. సీసా తెచ్చిన ప్రతివారూ లేచి నిలబడి, అందరికీ పోసి, దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పినట్టే, ఆ సీసాలో ఏం వేశారో, ఎన్నాళ్ళు ఉంచారో, ఎట్లా ఉందో చెబుతారు. తాగినవాళ్ళు ఆమెన్ అంటారు, లేదా అనరు.

గుడిబండె వడ్రంగి తనదాంట్లో మిరియాలు దంచి వేశాడు. "పోయిన ఏడాది చప్పగా ఉండాదంటిరి గదా, ఈ ఏడాది చెప్పండి," అని సవాలు చేశాడు. తాగినవాళ్ళకు చెప్పడానికి గొంతు లేదు. దిబ్బూరహళ్ళి నుంచి వచ్చిన రైతు మల్బరీ పండ్లు పిసికి కలిపాడు. అది ఊదా రంగులో, పిల్లల నాలుకలన్నీ ఊదా చేసింది. "పురుగులు ఆకు తింటాండాయి, పండ్లు ఊరకే రాలిపోతాండాయి. దేవుడిచ్చింది పారేయకూడదని," అన్నాడు. ఆమెన్ అదిరిపోయింది. సలోమమ్మ లేచి, "నాది అందరూ తాగి ఉండారు, తాగనివాళ్ళకు పంటినొప్పి రానీ," అని కూర్చుంది.

యోహానప్ప వంతు వచ్చింది. అంతమంది ముందు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "అల్లం, బెల్లం, నిమ్మకాయ. మూడు దినాలు. అంతే," అన్నాడు. పెద్దాయన నిలబడి, "ఆమెన్!" అని అరిచాడు. తరువాత నన్ను లేపారు. నా దగ్గర సీసా లేదు. "నాది ఎట్లుంటాదో మీ గడియారాన్ని అడగండి," అన్నాను. నవ్వులతో మళ్ళీ పాటలు మొదలయ్యాయి. ఈసారి ఉన్న చరణాలే పాడాను.

మంగళవారం పొద్దున ఏడు గంటలకు ప్రభు బల్ల. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. అక్కడి నుంచి వీపులే కనిపిస్తాయి. గిన్నె చేతి నుంచి చేతికి పోతోంది. యోహానప్ప దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో అందుకున్నాడు. తాగి పక్కన ఉన్న పెద్దాయనకు ఇచ్చాడు. ఆయన తుడవకుండా తాగాడు. ఇన్నేళ్ళుగా ఆ గిన్నె నా చేతికీ వస్తూనే ఉంది గాని, నేను దాని విలువ ఆ చివరి బెంచీ నుంచి చూసినంతగా ఎప్పుడూ చూడలేదు. నాకు దక్కని రోజున అది ఆయనకు దక్కడం చూసి కలిగిన సంతోషాన్ని ఇంతకన్నా బాగా చెప్పలేను.

పదకొండు గంటల రైలుకు తిరుగు ప్రయాణం. సలోమమ్మ బంధువుల ఇంట్లో ఆగిపోయింది. మేమిద్దరం ఎదురెదురుగా మోకాళ్ళు తగిలించుకుని కూర్చున్నాం. సీసాలు ఖాళీ, గంప తేలిక. శిడ్లఘట్ట దాకా ముందురోజు తాగినవాటి గురించే మాట్లాడుకున్నాం. మిరియాలది మందు కింద పనికొస్తుందని ఆయన అన్నాడు. మల్బరీది ఇంకో దినం ఉంచితే బాగుండేదని నేను అన్నాను. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే: కొండలు, చెరువులు, పట్టుగూళ్ళు అన్నీ చూడండి, కాని ఎవరి సీసానైనా రుచి చూసినప్పుడు ముందు దాని కట్టు చూడండి. ఒక మనిషిని తప్పుగా మోసుకుపోయి, సరిగ్గా తీసుకురాగలిగిన ప్రయాణం ఇది.

శిడ్లఘట్ట దాటింది. నాకు ఒక ప్రశ్న నాలుక చివర ఆడుతోంది. అడగకూడదని తెలుసు. అడిగాను.

"యోహానప్పా, పొద్దున బల్ల దగ్గర ద్రాక్షరసం ఎట్లుండాది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. పాస్టరయ్యగారు ఆ పెట్టెలో లేరని రూఢి చేసుకుని నా వైపు వంగాడు.

"కన్నీళ్ళొచ్చె మేష్ట్రూ. అంత సంతోషం." తరువాత పెదవులు ఒకసారి తడుపుకుని, ఇంకా దగ్గరికి వంగాడు. "అయితే పులవలేదు. ఇంకా రెండు దినాలు ఉండాల్సింది."